చలువ యంత్రాల కథ – 19: నూనె గడ్డకట్టే చోట

దోహా నుంచి ఉత్తరంగా 80 కిలోమీటర్లు వెళ్తే రాస్ లఫాన్ వస్తుంది. ఖతార్ సంపద అంతా ఓడలెక్కేది అక్కడే. జూలైలో నీడన కూడా 45 డిగ్రీలు దాటే ఆ ఇసుక నేల మీద, 2005 నుంచి, హీలియం వాయువును మైనస్ 269 డిగ్రీల దాకా చల్లార్చి ద్రవంగా మార్చే యంత్రాలు పని చేస్తున్నాయి. ద్రవరూపంలో అమ్ముడయ్యే సరుకుల్లో అంతకంటే చల్లనిది లేదు. అంటే గోడకు అటూ ఇటూ మూడు వందల డిగ్రీల పైచిలుకు తేడా.

పోయిన రెండు వారాలూ ఫ్రియాన్ పుట్టుక గురించీ, ఓజోన్ పొరకు పడిన గండి గురించీ చెప్పుకున్నాం. చెప్పుకున్నదంతా గ్యాసుల కథే. ఆ గ్యాసుతో కలిసి పైపుల్లో తిరిగే నూనె సంగతి ఎత్తలేదు. ఈ వారం దాని వంతు. చలువ యంత్రాల చరిత్రలో గ్యాసు మారిన ప్రతిసారీ అసలు తగాదా నూనెతోనే వచ్చిందని నా అభిప్రాయం. నూనెను వదిలించుకునే పని మొదలైంది కూడా ఏసీల దగ్గర కాదు. అది మొదట అతి చల్లని చోట మొదలై, దశాబ్దాలు పట్టి, వెచ్చని చోటికి వచ్చింది. ఆ దారిలోని రెండు కొసలూ ఒకే చిన్న దేశంలో కనిపిస్తాయి కాబట్టి ఖతార్‌ను ఎంచుకున్నాను.

ముందు నూనె ఎందుకో చూద్దాం. మన గోడకున్న ఏసీ కంప్రెసర్‌లో ఇనుము ఇనుము మీద జారుతుంది. జారే చోట నూనె లేకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. ఆ నూనె కంప్రెసర్‌లోనే కుదురుగా ఉండదు. కొంత గ్యాసుతో పాటు బయటికి కొట్టుకుపోతుంది, కండెన్సర్ తిరిగి, లోపలి కాయిల్ తిరిగి, మళ్లీ కంప్రెసర్‌కు చేరాలి. చేరాలంటే గ్యాసులో కరగాలి. 1930లలో వచ్చిన ఆర్-12 గ్యాసు అంతలా నెగ్గడానికి అది విషం కాకపోవడం, మండకపోవడం ఎంత కారణమో, మామూలు మినరల్ ఆయిల్ అందులో చక్కగా కరగడం కూడా అంత కారణం. ఆ జోడీ అరవై ఏళ్లు కాపురం చేసింది.

అదే నూనె చలి ఎక్కువైతే గడ్డకడుతుంది. మైనస్ 50, 60 డిగ్రీలకే చిక్కబడి మైనంలా పట్టేస్తుంది. మైనస్ 200కు వెళ్లేవాడికి అది నూనె కాదు, సన్నటి గొట్టాలకు అడ్డుపడే రాయి.

ఈ ముడి విప్పినవాడు ప్యోత్ర్ కపిత్సా. రష్యాలో పుట్టి కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ దగ్గర పని చేస్తున్న మనిషి. హీలియంను మొదట ద్రవంగా మార్చినది 1908 జూలై 10న, లైడెన్‌లో, కామర్లింగ్ ఓన్నెస్. ఆ పద్ధతికి ముందు ద్రవ హైడ్రోజన్ కావాలి, అది ప్రమాదం. కపిత్సా హీలియం చేతే పిస్టన్ తోయించి, అలా పని చేయించి దాన్ని చల్లార్చాలనుకున్నాడు. పిస్టన్‌కు ఏ నూనె పూసినా గడ్డకడుతుంది. తోలు రింగులు పెళుసెక్కి విరుగుతాయి. ఆయన పిస్టన్‌ను బిగువుగా కాక కొంచెం వదులుగా చేశాడు. సిలిండర్‌కూ పిస్టన్‌కూ మధ్య వెంట్రుకమందం ఖాళీ. ఆ సందులోంచి తప్పించుకుపోయే హీలియమే పిస్టన్‌ను గోడకు తగలకుండా మధ్యలో నిలబెట్టింది. కొంత గ్యాసు నష్టమే, కానీ స్ట్రోకు వేగంగా సాగితే ఆ నష్టం లెక్కలోకి రాదు. 1934 వసంతంలో యంత్రం నడిచింది. ఆ ఏడాది శరదృతువులో సెలవుకు రష్యా వెళ్లిన కపిత్సాను స్టాలిన్ ప్రభుత్వం మళ్లీ బయటికి పోనివ్వలేదు. చివరికి కేంబ్రిడ్జి లాబొరేటరీలోని ఆయన పరికరాలను సోవియట్ ప్రభుత్వమే 30,000 పౌండ్లకు కొని మాస్కోకు తెప్పించుకుంది. రాజకీయాల సంగతి ఎలా ఉన్నా, లోపల తిరిగే గ్యాసే నూనె పని చేయగలదని ఆ వదులు పిస్టన్ రుజువు చేసింది.

తరవాత పిస్టన్ల స్థానంలో టర్బైన్లు వచ్చాయి. అరచేతిలో ఇమిడే చక్రం, దాని ఇరుసు పలచటి గ్యాసు పొర మీద తేలుతూ నిమిషానికి లక్షకు అటూ ఇటూ చుట్లు తిరుగుతుంది. హీలియం పరిశ్రమలో గ్యాస్ బేరింగ్ టర్బైన్లు ఇప్పుడు మామూలు సరంజామా. అయితే ఇక్కడ ఒక వింత ఉంది. చల్లని కొసన నూనె చుక్క లేదు గానీ, వెచ్చని కొసన హీలియంను నొక్కే పెద్ద స్క్రూ కంప్రెసర్లలోకి సాధారణంగా ధారాళంగా నూనె పోస్తారు. హీలియం నొక్కితే విపరీతంగా వేడెక్కే వాయువు, ఆ వేడిని లాగడానికి నూనే చవకైన మార్గం. ఆ వెంటనే అదే నూనెను ఫిల్టర్లు, బొగ్గు పడకలు పెట్టి చివరి ఆవిరి దాకా ఏరి పారేస్తారు. పోయడానికో ఖర్చు, తీయడానికో ఖర్చు. నూనెను వదలడం ఎంత కష్టమో ఈ ఒక్క ఏర్పాటే చెబుతుంది.

ఖతార్‌కు హీలియం వచ్చిన తీరు కూడా చెప్పాలి. 1971లో, ఆ దేశం స్వతంత్రమైన ఏడాదే, సముద్రం అడుగున షెల్ కంపెనీకి నార్త్ ఫీల్డ్ అనే నిక్షేపం దొరికింది. వాళ్లకు కావలసింది చమురు, దొరికింది గ్యాసు. దాన్ని ఏం చేసుకోవాలో తోచక చాలాకాలం ఊరుకున్నారు. 1984లో ఖతార్ గ్యాస్ కంపెనీ ఏర్పడింది, 1996 డిసెంబరులో మొదటి ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) ఓడ జపాన్‌కు బయలుదేరింది. ఆ గ్యాసులో హీలియం 0.04 శాతం, అంటే పది వేల పాళ్లలో నాలుగు. మీథేన్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేసినప్పుడు ద్రవం కాకుండా మిగిలేది నైట్రోజన్, హీలియం. అలా మిగిలినదాన్ని గాలిలోకి వదలకుండా పట్టుకున్నారు. 2005లో మొదటి ప్లాంటు, 2013 డిసెంబరులో రెండోది. ఆ రెండూ కలిసి ప్రపంచ హీలియంలో దాదాపు నాలుగో వంతు ఇచ్చాయి. 2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూసేసినప్పుడు కంటైనర్లు రోడ్డు మీద పోయే దారి లేక రెండు ప్లాంట్లూ ఆగిపోయాయి, ద్రవ హీలియంతో చల్లబడే ఎమ్మారై యంత్రాలు వాడే ఆసుపత్రులు ప్రపంచమంతటా ఉలిక్కిపడ్డాయి.

ఇక వెచ్చని కొసకు వద్దాం.

కరీంనగర్ నుంచో, జగిత్యాల నుంచో, గోదావరి జిల్లాల నుంచో కొత్తగా ఖతార్ బయలుదేరినవాడు హైదరాబాద్‌లో విమానం ఎక్కగానే చల్లగాలి తగులుతుంది. ఆ గాలిని చల్లబరిచే యంత్రంలో ఫ్రియానూ లేదు, నూనే లేదు. గాలినే నొక్కి, చల్లార్చి, టర్బైన్‌లో వ్యాకోచింపజేసి కేబిన్‌లోకి వదులుతారు. గాలే అక్కడ రెఫ్రిజిరెంట్. 1970 ప్రాంతంలో వచ్చిన డీసీ-10 విమానంలో గారెట్ కంపెనీ ఈ టర్బైన్ ఇరుసును పలచటి లోహపు రేకుల మధ్య గాలిపొర మీద నడిపింది. వాటిని ఫాయిల్ బేరింగులంటారు. అంతకుముందున్న నూనె బేరింగుల్లో నూనె మార్చాలి, కారితే ప్రయాణికులకు వాసన. రేకులు పెట్టాక ఆ బెడద పోయింది. దోహాలో దిగే తెలుగువాడు నూనె లేని చలువ యంత్రంలో నాలుగు గంటలు కూర్చుని వచ్చి, మర్నాటి నుంచి నూనె యంత్రాల కింద పని చేస్తాడు.

నూనె యంత్రాలకు దోహా ఎండ గడ్డు పరీక్ష. ఏసీకి రేటింగ్ ఇచ్చేటప్పుడు సాధారణంగా బయటి గాలి 35 డిగ్రీలని అనుకుంటారు. దోహా మేడ మీద జూలై మధ్యాహ్నం 48 ఉంటుంది. పక్కన మరో ఇరవై కండెన్సర్లు వేడి ఊదుతుంటే అదీ దాటుతుంది. అంత వేడిలోకి ఇంట్లోని వేడిని తోయాలంటే గ్యాసు 60 డిగ్రీలకు పైన ద్రవం కావాలి. పాత ఆర్-22కు అది పెద్ద ఇబ్బంది కాదు, దాని క్రిటికల్ ఉష్ణోగ్రత, అంటే అది దాటితే ఎంత నొక్కినా గ్యాసు ద్రవం కాని గీత, 96 డిగ్రీలు. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏకు ఆ గీత 71 దగ్గరే ఉంది. గీత దగ్గరికి పోయేకొద్దీ చల్లబరిచే శక్తి పడిపోతుంది, కరెంటు గుంజుడు పెరుగుతుంది. ఓజోన్ కోసం చేసిన మార్పు గల్ఫ్ వేసవిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంత వేడిలో మొదట చెడేది నూనె. కంప్రెసర్ తల దగ్గర నూనె కాలి మాడుతుంది, అందులో ఆమ్లం పుడుతుంది, అది మోటారు వైండింగ్ మీది వార్నిష్‌ను తింటుంది, వైండింగ్ షార్టవుతుంది. అలా పోయిన కంప్రెసర్ పైపు కోసినప్పుడు వచ్చే ఘాటు వాసన ఒకసారి పీల్చినవాడు మరవడు. నూనె తేనె రంగులో ఉండాల్సింది తారులా దిగుతుంది. మేడ మీద ఇద్దరు మనవాళ్లు పని చేస్తుంటే మాట ఇలా నడుస్తుంది. “అన్నా, నూనె మొత్తం నల్లగైంది, గ్యాస్ కొడ్దామా?” “గ్యాస్ కొట్టి లాభం లేదు తమ్మీ. కంప్రెసరే పోయింది. లైన్ మొత్తం ఫ్లష్ చెయ్యాలె, లేకుంటే కొత్తది గూడ నెల్లకే పోతది.” ఆ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పైపుల్లో మిగిలిన ఆమ్లపు నూనె కొత్త కంప్రెసర్‌ను కూడా తినేస్తుంది. అన్నట్టు, 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని నిషేధం. ఏసీలు ఎక్కువగా చెడేదీ ఆ గంటల్లోనే.

గ్యాసు మారినప్పుడు నూనెతో తగాదా అన్నాను. ఓజోన్ ఒప్పందం తరవాత 1990లలో ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చింది. దాని తయారీకి స్వదేశీ పద్ధతి కోసం హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలూ పని చేశారు. గ్యాసు దొరికింది గానీ అది మినరల్ ఆయిల్‌లో కరగదు. నూనె పోయి కాయిల్‌లో కూర్చుంటుంది, కంప్రెసర్ ఎండుతుంది. దానికోసం పాలియోల్ ఎస్టర్ అనే కొత్త నూనె తెచ్చారు. అది గాలిలోని తేమను గటగటా తాగేస్తుంది. దోహా లాంటి సముద్రపు ఒడ్డున డబ్బా మూత తీసి పెడితే చాలు, పాడైపోతుంది. తేమ తాగిన ఎస్టర్ నూనె విడిపోయి మళ్లీ ఆమ్లమే. పాత పైపుల్లో పాత నూనె మిగిలిపోతే అది కొత్త గ్యాసులో కరగదు. పుస్తకాల్లో దీన్ని గ్యాసు మార్పిడి అని రాశారు, మెకానిక్ పడిన పాట్లన్నీ నూనెతో.

ఆ ఒప్పందం కథలో దోహాకు కూడా ఒక పేజీ ఉంది. 2008 నవంబరులో మాంట్రియల్ ప్రోటోకాల్ దేశాల 20వ సమావేశం అక్కడే జరిగింది. కాగితాలు పంచకుండా కంప్యూటర్ల మీదే నడిపిన సమావేశమని దానికి పేరు. అప్పటికి ఓజోన్ గండం గట్టెక్కే దారి కనిపిస్తోంది. కానీ వచ్చిన కొత్త గ్యాసులు భూమిని వేడెక్కిస్తాయని తేలింది. కిలో ఆర్-410ఏ గాలిలో కలిస్తే రెండు వేల కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ కలిసినట్టు. ఆర్-134ఏ అయితే 1,430 కిలోలు. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో ఈ గ్యాసులనూ తగ్గించాలని సవరణ చేశారు.

కిగాలీలో ఇండియా, ఖతార్ ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. గల్ఫ్ దేశాలు, ఇరాన్, ఇరాక్, పాకిస్తాన్, ఇండియా కలిసి ఆలస్యంగా మొదలుపెట్టే జట్టు. 2028లో వాడకం పెరగకుండా ఆపాలి, 2032లో పది శాతంతో తగ్గింపు మొదలవ్వాలి, 2047కు 85 శాతం తగ్గాలి. ఖతార్‌కు మాత్రం ఇంకో వెసులుబాటు దొరికింది. మండే ఎండల దేశాలని 34 దేశాల జాబితా ఒకటి రాశారు, అందులో ఖతార్ ఉంది, ఇండియా లేదు. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవాడికి ఇది చిత్రంగానే ఉంటుంది. దేశం మొత్తానికి సగటు తీస్తే కశ్మీరు మన ఎండను చల్లబరుస్తుంది మరి.

ఆ వెసులుబాటు ఏ యంత్రాలకు ఇచ్చారో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. మల్టీ స్ప్లిట్‌లు, డక్ట్ ఉన్న స్ప్లిట్‌లు, మేడ మీద పెట్టే ప్యాకేజీ యూనిట్లు. పెద్ద భవనాలకు చల్లని నీళ్లు పంపే చిల్లర్లు ఆ జాబితాలో లేవు. చిల్లర్లకు వేరే దారి ఉందని ఒప్పందం రాసినవాళ్లకు తెలుసు. ఆ దారి మీద నడిచిన యంత్రాల్లో ముఖ్యమైనది నూనె లేనిదే.

దాని వెనక మెల్‌బోర్న్ ఇంజనీరు రాన్ కాన్రీ ఉన్నాడు. 1990ల మొదట్లో ఆయన ఇరుసును అయస్కాంతాలతో గాలిలో నిలబెట్టే కంప్రెసర్ చేయాలని కూర్చున్నాడు. ఆలోచన కొత్తది కాదు. శాశ్వత అయస్కాంతాలు ఎన్ని పెట్టినా వస్తువు గాలిలో స్థిరంగా నిలవదని 1842లోనే ఎర్న్‌షా అనే గణితవేత్త లెక్కకట్టి చెప్పాడు. నిలవాలంటే క్షణక్షణం చూసి సవరించే విద్యుదయస్కాంతం కావాలి. అమెరికాలో జెస్సీ బీమ్స్ 1930ల నుంచే చిన్న రోటార్లను అలా తిప్పి చూపించాడు. ఫ్రాన్స్‌లో 1976లో ఎస్2ఎం అనే కంపెనీ దీన్ని వ్యాపారం చేసింది. అయితే ఆ కంట్రోల్ పెట్టెలు బీరువాలంత, ధర ఆకాశమంత. గ్యాస్ పైప్‌లైన్ కంప్రెసర్లకు పనికొస్తాయి, ఆఫీసు ఏసీకి కాదు. చిప్‌లు చవకయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. కాన్రీ బృందం ఆస్ట్రేలియా నుంచి కెనడాలోని మాంట్రియల్‌కు మకాం మార్చింది, 2000లు వచ్చాక టర్బోకోర్ పేరుతో సరుకు బజారుకొచ్చింది. 2004లో డాన్‌ఫాస్ చేయి కలిపింది, తరవాత ఫ్యాక్టరీ ఫ్లోరిడాలోని టాలహాసీకి చేరింది.

దాన్ని దగ్గరి నుంచి చూద్దాం. ఇద్దరు మనుషులు మోయగల బరువు, అరవై టన్నుల పైచిలుకు చలువ. లోపల కదిలేది ఒక్కటే ఇరుసు, దాని కొసన రెండు చిన్న చక్రాలు, నిమిషానికి 48,000 చుట్ల దాకా. స్విచ్ వేయగానే మోటారు తిరగదు. ముందు అయస్కాంతాలకు కరెంటు వెళ్లి ఇరుసు లేస్తుంది, సెన్సర్లు అది నడుమన ఉందో లేదో చూస్తాయి, ఆ తరవాతే మోటారు కదులుతుంది. తిరుగుతున్నంతసేపూ సెకనుకు వేలసార్లు స్థానం కొలిచి, వాలితే వాలిన వైపు నుంచి లాగుతాయి. కరెంటు పోతే ఏమవుతుందని మన ప్రాంతం వాడికి మొదట వచ్చే అనుమానం. పోయిన క్షణంలో మోటారే జనరేటర్ అవుతుంది. తిరుగుతున్న ఇరుసు తన ఊపుతో తానే కరెంటు పుట్టించి అయస్కాంతాలకు ఇచ్చుకుంటూ, మెల్లగా ఆగి, కింద ఉన్న అడ్డ బేరింగుల మీద కూర్చుంటుంది. నూనె పంపు లేదు, నూనె హీటర్ లేదు, నూనె కూలర్ లేదు. చిల్లర్ రాగి గొట్టాలకు లోపల నూనె పూత పట్టి వేడి మార్పిడి మందగించడమూ లేదు. పాత చిల్లర్ ఏళ్ల తరబడి నడిచి సామర్థ్యం తగ్గడానికి ఆ పూత ఒక ముఖ్య కారణం.

ఈ యంత్రం మొదట ఆర్-134ఏతోనే వచ్చింది. తరవాత భూమిని వేడెక్కించే గుణం ఆర్-134ఏలో వందో వంతు కూడా లేని ఆర్-1234జెడ్ఈతో నడిచే రకం వచ్చింది. నూనెకు సరిపడుతుందా అన్న ప్రశ్నే తలెత్తలేదు. అలాగని నూనె పోగానే ఏ గ్యాసైనా పోయవచ్చని కాదు. టర్బో చక్రం ఆకారం గ్యాసు సాంద్రతనూ, అందులో ధ్వని వేగాన్నీ బట్టి చెక్కుతారు. కొత్త గ్యాసు పలచనైతే అంతే చలువకు పెద్ద చక్రం కావాలి. ఒక సంకెళ్ల జత పోయింది, రెండోది ఉంది.

ఖతార్‌కు ఇది ఎంతవరకు సరిపోతుంది? ఇక్కడే లెక్క ఆసక్తిగా మారుతుంది. ఆర్-134ఏ లోపలి కాయిల్‌లో 5 డిగ్రీల దగ్గర మరుగుతుంటే దాని పీడనం 3.5 బార్లు. మేడ మీద గాలితో చల్లబడే కండెన్సర్‌లో 60 డిగ్రీల దగ్గర దాదాపు 17 బార్లు. కంప్రెసర్ ఐదు రెట్లకు నొక్కాలి. అదే కండెన్సర్‌ను కూలింగ్ టవర్ నీళ్లతో చల్లబరిస్తే గ్యాసు 40 డిగ్రీల చుట్టూ ద్రవమవుతుంది, 10 బార్లు చాలు, అంటే మూడు రెట్లు. పిస్టన్, స్క్రూ, స్క్రోల్ రకాలు ఎన్ని రెట్లైనా మొండిగా నొక్కుతాయి, నూనె పోస్తే చాలు. గిరగిరా తిరిగే చక్రానికి రెట్లు పెరిగేకొద్దీ ఊపిరాడదు. అందుకే దోహా మేడ మీద నూనె యంత్రానిదే పైచేయి, నీటి చల్లదనం ఉన్న చోట నూనె లేని యంత్రానికి సందు దొరుకుతుంది.

ఆ నీటి చల్లదనం ఖతార్‌లో పెద్ద ఎత్తునే ఉంది. 2003లో ఖతార్ కూల్ అనే డిస్ట్రిక్ట్ కూలింగ్ కంపెనీ పుట్టింది. ఒక్కో భవనం మీద వంద ఏసీలు కాకుండా, పేటకంతటికీ ఒకచోట చల్లటి నీళ్లు చేసి భూమిలో గొట్టాల గుండా పంపే పద్ధతి. వెస్ట్ బే అద్దాల మేడలకు అలాగే వెళ్తుంది. సముద్రంలో కట్టిన పెర్ల్ దీవికి 2010లో మొదలైన ప్లాంటు సామర్థ్యం 1,30,000 టన్నులు. మన ఒకటిన్నర టన్నుల ఏసీలు ఎనభై ఆరు వేలకు పైగా ఒక్క కప్పు కింద పెట్టినట్టు. అంత పెద్ద చిల్లర్లలో నూనె బేరింగుల మీద తిరిగే చక్రాల (సెంట్రిఫ్యూగల్) కంప్రెసర్లదే చాలాకాలం రాజ్యం. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఎనిమిది స్టేడియంలలో ఏడింటికి చల్లగాలి పెట్టారు. ఖతార్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సౌద్ అబ్దుల్ ఘనీ రూపకల్పన అది, పత్రికలు ఆయన్ను డాక్టర్ కూల్ అన్నాయి. స్టేడియం నిండా కాక, మనిషి ఎత్తు మేరకే చల్లగాలి నిలిపి, అదే గాలిని మళ్లీ లాగి వాడడం ఆయన కిటుకు. దాని వెనక ఉన్నదీ చల్లటి నీళ్లే.

మనవాళ్లూ ఈ బాట పట్టబోయారు. 2019లో అమరావతికి 20,000 టన్నుల డిస్ట్రిక్ట్ కూలింగ్ కోసం అబుధాబి కంపెనీ తబ్రీద్‌తో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదే రాజధాని పనులు ఆగిపోవడం అందరికీ తెలిసిందే.

మేడ మీద పెట్టేంత చిన్న యంత్రంలో నూనె పోదా? ప్రయత్నాలు జరిగాయి, వాటిలో నాకు బాగా నచ్చింది స్విట్జర్లాండ్ లోజాన్‌లో జరిగింది. అక్కడ సమస్య మనకు తిరగేసి ఉంటుంది. బయటి చలిలోంచి వేడిని లాగి ఇంట్లోకి పంపాలి. దాన్ని హీట్ పంప్ అంటారు, యంత్రం మాత్రం మన ఏసీయే. 1852లో కెల్విన్ ప్రభువు దీన్ని మొదట ప్రతిపాదించినప్పుడు ఆయన మనసులో ఉన్న గ్యాసు మామూలు గాలి. 2009 ప్రాంతంలో లోజాన్‌లోని ఈపీఎఫ్‌ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యుర్గ్ షిఫ్‌మన్, డేనియల్ ఫావ్రా ఇంటి హీట్ పంపుకు సరిపడే టర్బో కంప్రెసర్ చేశారు. చక్రం వ్యాసం 20 మిల్లీమీటర్లు, అర్ధరూపాయి బిళ్లంత. నిమిషానికి 2,10,000 చుట్లు. ఇరుసు తేలేది ఆర్-134ఏ ఆవిరి మీదే. కపిత్సా హీలియంతో చేసింది వీళ్లు ఏసీ గ్యాసుతో చేశారు. ఒక్క చక్రంతో 3.3 రెట్లకు పైగా నొక్కారు. స్విస్ ఇంటికి అదో గొప్ప మెట్టు. దోహా మేడకు ఐదు రెట్లు కావాలి కాబట్టి రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి పెట్టాల్సిందే. పైగా గ్యాస్ బేరింగులో ఇరుసు తేలేది తిరుగుతున్నప్పుడే, ఆగి మొదలయ్యే ప్రతిసారీ కాస్త రాసుకుంటుంది. ద్రవం చుక్క లోపలికి వస్తే ముప్పు. సందులు మైక్రాన్లలో, ధర ఎక్కువ. ఇళ్ల ఫ్రిజ్‌ల కోసం బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాకో నూనె లేని లీనియర్ కంప్రెసర్ తెచ్చింది, దాని పని చిన్నది కాబట్టి సాగింది.

గ్యాసుల వైపు చూస్తే రాస్ లఫాన్ మళ్లీ గుర్తొస్తుంది. మన ఏసీలకు రేపటి గ్యాసుల్లో ఒకటిగా ప్రొపేన్ పేరు చెబుతున్నారు. దాని క్రిటికల్ ఉష్ణోగ్రత 96 డిగ్రీలు దాటుతుంది, ఎండకు తట్టుకుంటుంది, భూమిని దాదాపు వేడెక్కించదు. గోద్రెజ్ 2012లోనే ఇండియాలో ప్రొపేన్ స్ప్లిట్‌లు అమ్మింది. మండుతుందనే భయంతో గదికి కొన్ని వందల గ్రాములకు మించి పోయనివ్వరు. అదే ప్రొపేన్ ఖతార్‌లో 1996 నుంచి టన్నులకు టన్నులు రెఫ్రిజిరెంట్‌గా తిరుగుతోంది. ఎల్‌ఎన్‌జీ చేసే పద్ధతిలో మొదటి అంచె దానిదే. 2009 నుంచి వచ్చిన, ట్రైన్‌లని పిలిచే ఆరు మహా ఎల్‌ఎన్‌జీ యూనిట్లలో ఒక్కొక్కటి ఏడాదికి 78 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ చేయగలదు. వాటిలో ముందు ప్రొపేన్, తరవాత కలగలుపు గ్యాసు, చివరి చలికి నైట్రోజన్. మూడూ ఓజోన్‌కు ఏ హానీ చేయనివే. ఆ రాక్షస కంప్రెసర్ల బేరింగుల్లో నూనె ఇంకా ఉంది. కానీ 1970, 80లలో వచ్చిన డ్రై గ్యాస్ సీళ్లు ఆ నూనెను గ్యాసు వైపు పోనీయకుండా గ్యాసు పొరతోనే అడ్డుకుంటాయి. అంత పెద్ద చోట నూనెను తీసేయకుండా వేరే గదిలో కట్టేశారు, అంతే.

నూనె లేని చిల్లర్ వచ్చిన చోట మెకానిక్ పని మారింది. నూనె మార్చడం, శాంపిల్ లాబ్‌కు పంపడం, ఫిల్టర్ మార్చడం ఏడాది పట్టికలోంచి పోయాయి. ఇరుసు కంపనాల గ్రాఫు చదవడం, కంట్రోల్ కార్డు మార్చడం, కెపాసిటర్ల వయసు చూడడం వచ్చాయి. చెడితే స్పానరుకు లొంగదు, కంపెనీ ల్యాప్‌టాప్ రావాలి. ఐటీఐలో నేర్చుకుని గల్ఫ్ వెళ్లినవాడికి చేతి పనితనం సగం అక్కరకు రాదు, కొత్త సగం కంపెనీ శిక్షణ కేంద్రాల్లో దొరుకుతుంది, అదీ పెద్ద కాంట్రాక్టర్ దగ్గర ఉన్నవాడికే. మేడ మీది స్ప్లిట్‌ల మీద బతికేవాడికి మాత్రం నూనె డబ్బా ఇంకా చాలా ఏళ్లు తప్పదు. 2028 గడువు వచ్చాక ఆ డబ్బా మీది పేరు మళ్లీ మారుతుంది, ఎందుకంటే కొత్త గ్యాసులకు కొత్త నూనెలు ఇప్పటికే సిద్ధమవుతున్నాయి.

(వచ్చే వారం: కూలింగ్ టవర్లలో ఆవిరయ్యే నీళ్లు. ఎడారి దేశం చలువ కోసం నీటిని ఎక్కడి నుంచి తెస్తోంది?)